సంచి ఒకటే, మూతి వేరు

"ఆయనకి నొప్పి తెలిసుంటుందా, తూ అక్కా?"

స్టేషన్ గదిలో నా ఎదురుగా కూర్చున్న లియావ్ పెయ్‌జూ అడిగిన మొదటి మాట అది. మధ్యాహ్నం మూడింటికి హత్యానేరం మీద ప్రాసిక్యూటర్ ముందు నిలబడి, అటునుంచి అటే జైలుకి పోవాల్సిన పిల్ల. లాయరు గురించి అడగదు, ఇంట్లోవాళ్ళ గురించి అడగదు. నాకు ఒళ్ళు మండుకొచ్చింది.

"నైట్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. గదిలో ఉన్న గాలిని బయటికి నెట్టేస్తుంది, అంతే. నిద్రపోయేవాడు నిద్రలోనే పోతాడు. పోయినవాడి సంగతి ఆపి ఇక నీ సంగతి చెప్పు. నన్ను పిలిపించింది నువ్వే కదా?"

"కోప్పడకండి. చెప్తాను."

పోయినవాడు గూ త్సుంగ్‌హాన్. తైపేలో కంప్యూటర్ ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు కొనేవాడెవడైనా గూ తన వీడియోలో ఏమన్నాడో విన్నాకే కొట్టుకి వెళ్తాడు. రెండు కార్డులు పక్కపక్కన పెట్టి, డబ్బా మీద అచ్చేసిన గొప్పలు చదివి వినిపించి, తర్వాత ఒకే ఆటని రెండింటి మీదా ఆడించి, సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, వచ్చాయో చూపించి, ఓడినదాన్ని బండబూతులు తిట్టేవాడు. నేనూ చూసేదాన్ని. యాభై దాటిన ఆడదానికి ఆటలేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. రోజుకి ఇద్దరు ముగ్గుర్ని తెర మీద కాల్చి పారేయకపోతే ఈ డిటెక్టివ్ వృత్తిలో బయటివాళ్ళ మీద చెయ్యి చేసుకోవాల్సి వస్తుంది.

"బుధవారం ఏం జరిగింది?"

"పొద్దున తియెషాన్ కంపెనీ కొత్త కార్డు పరీక్షించాం. వాళ్ళు రివ్యూకని పంపినది ఒకటి, ఆయన బజార్లో కొట్టునుంచి తెచ్చుకున్నది ఒకటి. డబ్బాలు ఒకటే, పేరొకటే, పదహారు జీబీ మెమరీ ఒకటే. వాళ్ళు పంపినది తొంభై ఆరు ఫ్రేములిచ్చింది. కొట్టుది డెబ్బై ఒకటి. వెంటనే చందాదారులకి పోస్టు పెట్టాడు. 'సంచి ఒకటే, మూతి వేరు. సాయంత్రం వీడియోలో వీళ్ళ సంగతి తేలుస్తా' అని."

అది నేనూ చదివాను. మెమరీ ఎంతున్నా, అందులోంచి బొమ్మలు బయటికొచ్చే దారి ఇరుకైతే కార్డు కుంటుతుంది. దారి వెడల్పు మాత్రం డబ్బా మీద రాయరు. రివ్యూ చేసేవాడికి వెడల్పు మూతి సంచి, డబ్బులిచ్చి కొనేవాడికి ఇరుకు మూతిది. ఆ వీడియో వచ్చుంటే తియెషాన్ మూతపడేది.

"తర్వాత?"

"పన్నెండున్నరకి డబ్బా భోజనం తిన్నాడు. కళ్ళకి గంతలు కట్టుకుని బల్ల మీద తల వాల్చాడు. ఒంటిగంటనుంచి రెండింటిదాకా నిద్ర. ఆ టైములో లేపితే ఉద్యోగం ఊడినట్టే. నేను టీకి కిందికి వెళ్ళాను. టీ కొట్టు కెమెరాలో ఉంటాను, చూసుకోండి."

"గంటసేపు టీ ఏమిటే?"

"కొత్తగా మామిడి టీ పెట్టారు. వరస పొడుగు." అడిగీ అడగ్గానే వచ్చింది జవాబు. "రెండింటికి పైకెళ్ళి చూస్తే..." చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది.

పోలీసుల లెక్క తేలికే. ఆ కంప్యూటర్లో చివరి పరీక్ష ఒంటిగంటా నలభైకి నమోదైంది. కొట్టు కార్డు మీద, తొంభై ఆరు ఫ్రేములు. అంటే అప్పటికి గూ బతికే ఉన్నాడు, పొద్దున చేసిన తప్పు సరిదిద్దుకున్నాడు. తర్వాత రెండింటికి టీ కొట్టునుంచి పెయ్‌జూ పైకొచ్చింది, నడవాలో ఉన్న గాలి ఫ్యాను స్విచ్ ఆపింది, కార్డుల్ని చల్లబరిచి చూపే ప్రదర్శనల కోసం ఉంచిన ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కు వొంపి తలుపేసింది. ఫ్లాస్కు మీద వేలిముద్రలన్నీ ఆమెవే. రోజూ మోసేది ఆ పిల్లే మరి, ఇంకెవరివి ఉంటాయి?

"నీకూ గూకీ గొడవేమిటి?"

"మా అంకెలు ముందే బయటికి పొక్కుతున్నాయి, నువ్వే చెప్తున్నావు అన్నాడు. అరిచాడు." టేబుల్ అంచుని గోటితో గీకుతోంది. "ఆయన అందరి మీదా అరిచేవాడు."

"గది తాళం నంబరు ఎవరికి తెలుసు?"

"ప్రతి సోమవారం మారుస్తాం. ఆయనకి, నాకు." ఆగింది. "ఇంకెవరికీ తెలియదు. రాసుకోండి, అదీ నా మెడకే చుట్టుకుంటుంది."

స్టేషన్లో పాత పరిచయస్థుడొకడు చాటుగా ఇచ్చిన సంఘటన స్థలం ఫొటో నా చేతిలో ఉంది, వెనక వైపు ఆమెకి కనిపించేలా. "పరీక్ష బల్ల మీద ఎప్పుడూ ఏమేం ఉంటాయి?"

"కార్డులు, స్క్రూడ్రైవర్లు, చల్లబరిచే పేస్టు. మెషీన్ మీద కుడి మూలన పసుపు ప్యాకెట్."

"పసుపా?"

"మీరూ చూసే ఉంటారు కదా అక్కా, వీడియోల్లో! దాని మీద ఎన్ని తిట్లు తిన్నాడో!"

చూశాను. మా ఊళ్ళో కంప్యూటరన్నాక దాని నెత్తిన ఆ మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్ ఉండాల్సిందే. దాని పేరుకి అర్థమే 'బుద్ధిగా ఉండు' అని. అదీ ఆకుపచ్చదే, కొబ్బరి రుచిదే పెట్టాలి. ఆకుపచ్చ ఉంటే మెషీన్ నడుస్తుంది. పసుపు పెడితే మొరాయిస్తుంది. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, చివరికి పోలీసుల సర్వర్ల మీద కూడా పెద్ద చదువులు చదివినవాళ్ళే పెడతారు. నవ్వులాటకే అంటారు గానీ తియ్యమంటే ఒక్కడూ తియ్యడు. గూ మాత్రం కావాలని పసుపు పెట్టేవాడు. 'కార్డు మంచిదైతే దేనికీ భయపడక్కర్లేదు' అనేవాడు.

"తియెషాన్ ప్రచారాల మేనేజరు హోవ్ గారైతే ఫోన్ చేసి మరీ తిట్టాడు," అంది పెయ్‌జూ. "మా కార్డు పక్కన పసుపు ప్యాకెట్ పెడితే కోర్టుకి లాగుతానన్నాడు. ఆ ఫోన్ కాల్ కూడా గూ వీడియోలో వినిపించేశాడు."

నా చేతిలోని ఫొటోలో, కుడి మూలన, నిగనిగలాడుతూ ఆకుపచ్చ ప్యాకెట్ ఉంది. ఫొటోని సంచిలో పెట్టేసి లేచాను.

"తూ అక్కా! నేను హత్య చెయ్యలేదని మీరు నమ్ముతున్నారా?"

"నమ్మబట్టే వచ్చాను. ఏడుపు ఆపి ఏదైనా తిను."

*

గూ పరీక్ష గది గుమ్మంలోనే ఇన్‌స్పెక్టర్ పెంగ్ అడ్డంగా నిలబడ్డాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే దళంలో పనిచేశాం. నేను రాజీనామా చేసిన రోజు స్వీట్లు పంచాడని విన్నాను.

"వచ్చావా! ఇంకా రాలేదేమా అనుకుంటున్నా. శవం ఎక్కడుంటే రాబందు అక్కడ."

"శవాల్ని నువ్వే కదా పోగేస్తావు. నేను లెక్క సరిచూసి పోతాను, అంతే."

"లెక్క తేలిపోయింది. ఆ పిల్లే చేసింది. మూడింటికి ప్రాసిక్యూటర్ సంతకం పెడతాడు."

"ఇప్పుడు పన్నెండు. ఒక్క గంట ఇవ్వు. నేను తప్పని తేలితే నీ ఆఫీసరు ముందు నా లైసెన్సు నేనే చించుతాను."

పెంగ్ కళ్ళు మెరిశాయి. నేను బోర్లా పడటం చూసే అవకాశం వస్తే వాడు అన్నం కూడా మానేస్తాడు. పక్కకి తప్పుకున్నాడు.

గది చిన్నది, కిటికీ లేదు. బల్ల మీద మూత తీసిన కంప్యూటర్, దానిలో కొట్టు కార్డు. పక్కన కంపెనీ పంపిన కార్డు, డబ్బాలో. కుడి మూలన ఆకుపచ్చ ప్యాకెట్.

"ఇది మీవాళ్ళు పెట్టారా?"

"ఏది? ప్యాకెట్టా? తలుపు తీసేసరికే ఉంది, మొదటి ఫొటోలోనే ఉంది. కంప్యూటర్ మీద ప్యాకెట్ ఉండటం కూడా క్లూయేనా? వెళ్ళి మా స్టేషన్లో సర్వర్ని కూడా అరెస్టు చెయ్యి!"

అదే మరి. తలుపు తీయగానే ప్యాకెట్ కనిపించింది, ఉండాల్సిందే కదా అనుకున్నారు, వదిలేశారు. తైపే పోలీసులకి తప్ప ఇంకెవరికీ రాని కళ్ళకలక అది. నేను చేతి తొడుగు వేసుకుని ఆ ప్యాకెట్‌ని సాక్ష్యాల కవర్లో పెట్టి నా సంచిలోకి దించాను.

"ఏయ్! అది సాక్ష్యం!"

"ఇప్పుడే కదా కాదన్నావు? గంట తర్వాత నీ చేతికే ఇస్తా. అప్పటిదాకా నోరు మూసుకో."

పెంగ్ బూతు ఒకటి గొణిగి ఊరుకున్నాడు. నేను కొట్టు కార్డుని బయటికి తీసి వెనక్కి తిప్పాను. "దీన్ని చూడు. ఏం లేదో చెప్పు."

"లేనిదాన్ని ఎలా చూడమంటావ్?"

"మన బజార్లో కార్డు కొంటే కొట్టువాడు తన స్టిక్కర్ అతికించకుండా ఇస్తాడా? అది లేకపోతే రేపు పాడైందని పట్టుకెళ్ళినా నువ్వెవరో తెలీదంటాడు. దీని మీద స్టిక్కరూ లేదు, పీకిన జిగురూ లేదు. ఇది కొట్టుది కాదు, పెంగ్. మార్చేశారు."

"మారిస్తే ఆ పిల్లే మార్చింది."

"దారిలో అదే కొట్టులో అదే కార్డు ఇంకోటి తీసుకున్నాను." సంచిలోంచి మూడో డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. "మూడూ ఆడిద్దాం."

అప్పుడే హోవ్ వచ్చాడు. తియెషాన్ ప్రచారాల మేనేజరు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు, ముఖం నిండా సంతాపం. రివ్యూకిచ్చిన కార్డు వెనక్కి తీసుకెళ్ళడానికి పెంగే రమ్మన్నాడట.

"గూ గారు పోవడం మా పరిశ్రమకే లోటు," అన్నాడు గుమ్మంలో ఆగి. "ఇదేనన్నమాట ఆయన గది. ఎన్నేళ్ళుగానో అనుకోవడమే, లోపల అడుగుపెట్టడం ఇదే మొదటిసారి."

"బయట నిలబడ్డారేం, రండి," అన్నాను. "మీ కార్డు గొప్పతనం మీ కళ్ళతోనే చూద్దురు గాని."

"తూ గారూ, ఆయన ఆఖరి పరీక్షలో తొంభై ఆరు వచ్చిందని పెంగ్ గారే చెప్పారు కదా. పొద్దున్నదేదో పొరపాటు. ఇంకా ఈ..."

"పొరపాటైతే భయం దేనికి?"

ఇందాక బయటికి తీసిన కార్డుని తిరిగి బిగించాను. దాని కరెంటు ప్లగ్గుని మాత్రం కావాలనే సగం దూర్చి వదిలాను. బటన్ నొక్కాను. ఫ్యాన్లు ఒక్కసారి తిరిగి ఆగిపోయాయి. తెర నల్లగా ఉండిపోయింది. మళ్ళీ నొక్కాను. అదే వరస.

"ఏమైంది?" హోవ్ ముందుకొచ్చాడు.

"ఏమో. మీ కార్డు మొండికేసింది. ఇలాగే రాసుకో పెంగ్, కొట్టు కార్డు అసలు పనిచెయ్యదని."

"లేదు లేదు, కార్డు బంగారంలాంటిది!" కుడి మూలన ఖాళీ జాగాని వేలితో పొడుస్తున్నాడు హోవ్. "మీరు దాన్ని తీసేస్తే ఎలా లేస్తుందండీ? ఇక్కడున్న ఆకుపచ్చ ప్యాకెట్ ఏమైంది? ముందు దాన్ని పెట్టండి!"

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పెంగ్ వైపు చూశాను. వాడు గోళ్ళు చూసుకుంటున్నాడు, మట్టిబుర్ర! ఏమీ ఎరగనట్టు వంగి ప్లగ్గుని లోపలిదాకా నొక్కాను. తెర వెలిగింది.

"చూశారా!" అన్నాడు హోవ్, ఆ కార్డుని తనే కన్నట్టు.

గూ వాడే ఆటనే, గూ పెట్టే అమరికలతోనే ఆడించాను. తొంభై ఆరు. దాన్ని తీసి కంపెనీ పంపిన కార్డు పెట్టాను. తొంభై ఆరు.

పెంగ్ చప్పట్లు కొట్టాడు. "రెండూ కవల పిల్లలు! లైసెన్సు తెచ్చావా, నేనే చించనా?"

"ఆగు. పెళ్ళి అయ్యేదాకా భోజనాలు పెట్టరు."

మూడో డబ్బా విప్పాను. హోవ్ గడియారం చూసుకున్నాడు. "నాకు మీటింగుంది."

"కూర్చోండి. డబ్బా మీద చదవమంటారా? అదే చిప్పు, అదే పదహారు జీబీ, అదే కరెంటు. చదువుతుంటే కడుపు నిండిపోతోంది."

కార్డు బిగించాను. కొట్టు స్టిక్కర్ ఎర్రగా కనిపిస్తోంది. ఆట మొదలైంది. తెర మీద మంటలు, పరుగులు, పేలుళ్ళు, పై మూలన అంకె. డెబ్బై నాలుగు, అరవై తొమ్మిది, డెబ్బై రెండు. పరీక్ష ముగిసేసరికి తేలిన సగటు డెబ్బై ఒకటి.

పెంగ్ తెర దగ్గరికి వచ్చాడు. ఆ అంకెని చాలాసేపు చూశాడు. వాడికి నేనంటే గిట్టదు గానీ వాడు తెలివితక్కువవాడు కాదు. ఇందాక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, మట్టిబుర్ర కాదు.

"అంటే పొద్దున గూ చెప్పింది నిజమే," అన్నాడు మెల్లగా. "ఒంటిగంటా నలభైకి తొంభై ఆరు తీసింది గూ కాదు."

"చచ్చినవాడు పరీక్షలు చెయ్యడు. నిద్రలో ఉన్నవాణ్ణి చంపి, ఫ్యాను వేసి గది గాలి మారాక లోపలికొచ్చి, కార్డు మార్చి, తొంభై ఆరు నమోదు చేసి పోయారు. ఒంటిగంటనుంచి రెండింటిదాకా పెయ్‌జూ టీ కొట్టు కెమెరా కింద ఉంది."

"మరి ఎవరు?"

"అడగాల్సిన పని లేదు. ఇందాక ఆయనే చెప్పాడు, నువ్వు గోళ్ళు చూసుకుంటుంటే." హోవ్ వైపు తిరిగాను. "ఈ గదిలో ఎన్నడూ అడుగుపెట్టలేదన్నారు. ఆ మూలన ఆకుపచ్చ ప్యాకెట్ ఉందని ఎవరు చెప్పారు?"

హోవ్ నవ్వాడు. "బాగుంది! ఏ కంప్యూటర్ మీదైనా ఆకుపచ్చదే కదా ఉంటుంది?"

"ఏ కంప్యూటర్ మీదైనా సరే. గూ దాని మీద తప్ప. ఇక్కడ పసుపు ఉంటుందని దేశమంతటికీ తెలుసు. అందరికన్నా మీకు బాగా తెలుసు. పసుపు తీస్తావా చస్తావా అని ఫోన్లో అరిచింది మీరే, గూ వీడియోలో నేనే చెవులారా విన్నాను. పోలీసులు ఫొటోలు బయట పెట్టలేదు. పసుపు పోయి ఆకుపచ్చ వచ్చిందని పెట్టినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది, హోవ్ గారూ?"

నవ్వు అలాగే ఉంది గానీ పెదాలు పాలిపోయాయి.

"మనిషిని చంపడానికి చెయ్యి వణకలేదు. పసుపు ప్యాకెట్ పెట్టుకుని మెషీన్ స్టార్ట్ చెయ్యడానికి మాత్రం భయమేసింది. మధ్యలో ఆగిపోతే కొంప మునుగుతుందని ఆకుపచ్చది మార్చారు. ఛీ! ఆ భయంలో పిసరంత గూ మీద చూపించినా బతికేవాడు కదయ్యా!"

పెంగ్ తలుపు మూసి దానికి వీపు ఆనించాడు. "ప్యాకెట్ ఇలా ఇవ్వు, తూ. దాని మీద వేలిముద్రలు తీయిస్తా."

వాడి నోట నా పేరు తిట్టు లేకుండా రావడం విడ్డూరమే. కవర్ అందించాను. దాన్ని చూడగానే హోవ్ కుర్చీలో కూలబడ్డాడు. మొహం కప్పుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. చేతులు తీసేసరికి కళ్ళలో నీళ్ళు లేవు, విషం ఉంది.

"పసుపు సంగతి మీకు ఆ పిల్లే గుర్తు చేసిందా?" అన్నాడు.

"చేస్తే?"

"తెలివైంది. నన్ను మీకు అప్పగించి తను పక్కకి తప్పుకుందామనుకుంది." తలుపు మీది నంబర్ల తాళం వైపు చూపించాడు. "వారం వారం నంబరు మారుతుంది కదా డిటెక్టివ్ గారూ. ఇంత చెప్పారు, నేను లోపలికి ఎలా వచ్చానో మాత్రం చెప్పలేదేం? గోడలోంచి దూరానా?"

'ఆయనకి, నాకు. ఇంకెవరికీ తెలియదు.' అలా అన్నది పెయ్‌జూనే.

"కొట్టు కార్డు డెబ్బై ఒకటి ఇచ్చిందని పోస్టు రాకముందే నాకు కబురొచ్చింది. నంబరూ వచ్చింది. మా కంపెనీలో ఉద్యోగం ఇస్తానన్నాను. మీ పనయ్యేదాకా నేను కెమెరా ముందే నిలబడతానంది, నేనేం అడగకుండానే."

గంటసేపు మామిడి టీ. అడగ్గానే తడుముకోకుండా వచ్చిన జవాబు. ఇన్నేళ్ళ వృత్తిలో ఇంత మొద్దునయ్యానేమిటి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"చంపుతానని ఆమెకి చెప్పారా?"

"కార్డు మారుస్తానన్నాను." హోవ్ చొక్కా మడతలు సవరించుకున్నాడు. "ఇంకేం ఊహించుకుందో ఆమెనే అడగండి. ఫ్లాస్కు ఎక్కడుంటుందో చెప్పింది కూడా తనే. 'జాగ్రత్త, కాలికి తగిలితే ప్రమాదం' అంది."

పెంగ్ ఫోన్ మోగింది. విన్నాడు, చేత్తో మూసి నా వైపు తిరిగాడు. ఎగతాళి చెయ్యడానికి వాడికి ఇంతకన్నా మంచి అవకాశం జన్మలో రాదు. అయినా చెయ్యలేదు.

"స్టేషన్నుంచి. ఆ పిల్లని బండెక్కిస్తున్నారు. ఆపమని చెప్పనా? నీ క్లయింటు, నువ్వే చెప్పు."

పొద్దున ఆ పిల్ల అడిగిన మాటలు ఒక్కొక్కటే చెవిలో మోగాయి. ఆయనకి నొప్పి తెలిసుంటుందా? నేను హత్య చెయ్యలేదని నమ్ముతున్నారా? నేనేమీ చెయ్యలేదని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆ తేడా నాకే వినపడలేదు.

"చంపినవాడు దొరికాడని చెప్పు," అన్నాను. "ఆమె చేత్తో చంపలేదనీ చెప్పు."

"వదిలెయ్యమనా?"

ఎదురుగా మూడు కార్డులు ఉన్నాయి. డబ్బాల మీద ఒకటే పేరు, ఒకటే బొమ్మ.

"వద్దు. కూర్చోబెట్టమను. నేను వస్తున్నాను."